గేర్‌బాక్స్ దించాక తొందరపడొద్దు: ఇంట్లో క్లచ్ మార్చే పని

క్లచ్ మార్చడంలో అసలు క్లచ్‌తో ఉండే పని అరగంటే. మిగతా రోజంతా గేర్‌బాక్స్‌ను దించడానికీ తిరిగి ఎక్కించడానికీ పోతుంది. అంత కష్టపడి దించాక ఆ అరగంటలో హడావిడి పడితే మళ్లీ మొదటినుంచీ విప్పాల్సి వస్తుంది. అందుకే ఆ భాగం గురించే ఎక్కువ చెబుతాను. ఇక్కడ చెప్పేది ముందు చక్రాలతో నడిచే మామూలు గేర్ల కారు గురించి.

ముందు లోపం క్లచ్‌దేనా అని తేల్చుకోండి. పై గేరులో నెమ్మదిగా వెళ్తూ యాక్సిలరేటర్ బాగా తొక్కినప్పుడు ఇంజిన్ హోరు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతున్నట్టే. పెడల్ తొక్కినప్పుడే గరగరమంటే రిలీజ్ బేరింగ్‌ను (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను నొక్కి విడదీసే బేరింగు) అనుమానించాలి. గేరు పడటం లేదంటే మాత్రం ముందు కేబులు, హైడ్రాలిక్ క్లచ్ అయితే నూనె కారడం చూడండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది, గేర్‌బాక్స్ జోలికి వెళ్లే పనే ఉండదు.

క్లచ్ ప్లేటు, దాన్ని ఫ్లైవీల్‌కు (ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రం) అదిమి ఉంచే ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి సెట్టుగా కొనండి. ప్లేటొక్కటే మార్చి అరిగిన బేరింగును అలాగే వదిలేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. కొన్ని హైడ్రాలిక్ కార్లలో బేరింగూ, నూనె ఒత్తిడితో దాన్ని నెట్టే స్లేవ్ సిలిండరూ ఒకే భాగంగా గేర్‌బాక్స్ లోపలే ఉంటాయి. వాటిలో దాన్ని కూడా కొత్తది వేయాలి. ప్లేటును నడిమధ్యలో నిలిపే అలైన్‌మెంట్ పనిముట్టు, బోల్టును చెప్పినంత బిగువు (టార్క్) దగ్గరే ఆపడానికి టార్క్ రెంచ్, మీ కారు మోడల్ మాన్యువల్ లేకుండా పని మొదలుపెట్టకండి. తనంతట తాను సర్దుకునే రకం ప్రెషర్ ప్లేటుకు ప్రత్యేక పనిముట్టు కావాలి. అది లేకపోతే ఆ పని గ్యారేజీకి వదిలేయడమే మంచిది.

చదునైన కాంక్రీటు నేల కావాలి. యాక్సిల్ చివరి పెద్ద నట్టును చక్రాలు నేల మీద ఉండగానే వదులు చేయండి. తర్వాత వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు భాగాన్ని లేపి, రెండు జాక్ స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీని నమ్మి కారు కింద దూరకండి, ఒక్క నిమిషానికైనా సరే. కింద పడుకునే ముందు బండిని చేత్తో గట్టిగా కుదిపి చూడటం నా పద్ధతి. కదిలితే స్టాండ్లు మళ్లీ సర్దుతాను.

బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేయండి. గేర్ ఆయిల్ వంపేటప్పుడు ముందుగా నూనె పోసే పై బిరడా విప్పండి. అది బిగుసుకుపోయి ఉంటే, కింది బిరడా తీసి ఉన్న నూనె కూడా పారబోసుకున్నాక కారు కదలలేని స్థితిలో చిక్కుకుంటారు. తర్వాత యాక్సిళ్లు, స్టార్టర్ మోటారు, గేరు కేబుళ్లు, వైర్లు ఒక్కొక్కటే విడదీయండి. స్లేవ్ సిలిండర్ బయట ఉంటే దాన్ని పక్కకు కట్టి ఉంచి, పెడల్‌ను ఎవరూ తొక్కకుండా చూడండి. గేర్‌బాక్స్ బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక అట్టముక్క మీద గేర్‌బాక్స్ బొమ్మ గీసి, ఏ బోల్టును ఆ చోటే గుచ్చి పెడితే తిరిగి బిగించేటప్పుడు వెతుకులాట ఉండదు.

చాలా కార్లలో ఇంజిన్ బరువును ఒకవైపు గేర్‌బాక్స్ మౌంటే (దాన్ని బండికి పట్టి ఉంచే భాగం) మోస్తుంది. కనుక దాన్ని విప్పకముందే ఇంజిన్‌కు కింద చెక్కముక్క వేసి జాకీతో ఊతం ఇవ్వాలి, లేదా పైనుంచి అడ్డకమ్మికి వేలాడదీయాలి. గేర్‌బాక్స్ కింద మరో జాకీ, పక్కన మరో మనిషి. గేర్‌బాక్స్‌ను ఇంజిన్ నుంచి సూటిగా బయటికి లాగాలి; సగంలో వదిలేస్తే బరువంతా ఇన్‌పుట్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి క్లచ్ ప్లేటులోకి దూరే కడ్డీ) మీద పడుతుంది.

ఇక అసలు అరగంట. లోపలి నల్లటి ధూళిని గాలితో ఊదకండి. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి. ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చేయండి. ఫ్లైవీల్ మీద పగుళ్లు, నీలి మచ్చలు, లోతైన గీతలు ఉంటే మార్చడమో, వీలున్న రకమైతే లేత్ మీద చదును చేయించడమో చేయాలి. ఆ తర్వాత క్రాంక్‌షాఫ్ట్ వెనుక ఆయిల్ సీల్‌ను, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్‌ను వేలితో తడిమి చూడండి. మా తమ్ముడి కారులో కొత్త ప్లేటు కొన్ని నెలలకే జారడం మొదలుపెట్టింది. విప్పితే ప్లేటంతా నూనె. దాన్ని బిగించినవాళ్లు సీల్ దగ్గర చెమ్మను తుడిచి ఊరుకున్నారు. చిన్న రబ్బరు ముక్క కోసం అంత పనీ రెండోసారి చేయాల్సి వచ్చింది. చెమ్మ కనిపిస్తే సీల్ మార్చండి, వాయిదా వేయకండి.

ఫ్లైవీల్‌ను, కొత్త ప్రెషర్ ప్లేటు ముఖాన్ని బ్రేక్ క్లీనర్‌తో కడగండి. జిడ్డు చేతులతో ప్లేటు లైనింగును ముట్టుకోవద్దు. ప్లేటు ఎటువైపు తిరగాలో సాధారణంగా దాని మీదే ముద్రించి ఉంటుంది. తిరగేసి బిగిస్తే క్లచ్ పని చేయదు. ఇన్‌పుట్ షాఫ్ట్ మీది స్ప్లైన్లకు (ప్లేటులో ఇమిడే పొడవాటి పళ్లు) గ్రీజు కాటుకలా పలచగా రాయండి, అదనంగా ఉన్నది తుడిచేయండి. అలైన్‌మెంట్ పనిముట్టుతో ప్లేటును మధ్యకు తెచ్చి, బోల్టులను ఎదురెదురుగా బిగించి, మాన్యువల్‌లో చెప్పిన టార్క్ దగ్గర ఆపండి. పనిముట్టు ఏ పట్టూ లేకుండా జారి బయటికి రావాలి.

గేర్‌బాక్స్‌ను ఎక్కించేటప్పుడు చేతి బలానికే అది ఇంజిన్‌కు ఆనుకోవాలి. సందు మిగిలితే బోల్టులతో లాగి మూయాలని చూడకండి, హౌసింగ్ పగులుతుంది. ఒక గేరులో వేసి, యాక్సిల్ బిగించే చోట కొద్దిగా తిప్పితే స్ప్లైన్లు కలుస్తాయి. మిగతావన్నీ విప్పిన క్రమానికి ఎదురుగా బిగించి, గేర్ ఆయిల్ పోసి, హైడ్రాలిక్ అయితే గాలి తీయండి, కేబుల్ అయితే పెడల్ ఆట (తొక్కగానే ఖాళీగా కదిలే దూరం) సరిచేయండి. యాక్సిల్‌కు కొత్త నట్టు వేసి, కారు నేల మీదికి దిగాకే పూర్తి టార్క్ ఇవ్వండి.

మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువులు లాగవద్దు, ఎత్తుల మీద క్లచ్‌తో బండిని నిలబెట్టవద్దు. మొదటి ప్రయాణం నుంచి రాగానే కింద నూనె చుక్కలు ఉన్నాయేమో చూసి, యాక్సిళ్ల కోసం విప్పిన బాల్ జాయింట్ల (చక్రం భాగాన్ని సస్పెన్షన్‌కు కలిపే కీళ్లు) బోల్టులను, చక్రాల నట్లను మరోసారి టార్క్ రెంచ్‌తో సరిచూడండి.