వానలు దిగకముందే బండి ముస్తాబును ఒకసారి విప్పి చూడండి

ఆయుధపూజకు బైకు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాక ఎక్కువ రోజులు పట్టదు, తిరుపతి వైపు అసలు వాన మొదలవుతుంది. జూన్, జూలై జల్లుల కంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం నుంచి వచ్చే వానే మన రోడ్లను ఎక్కువ కష్టపెడుతుంది. 2021 నవంబరు వరదలు గుర్తుండే ఉంటాయి. ఆ వెంటనే డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్‌లో బండరాళ్లు రోడ్డు మీదికి దొర్లిపడ్డాయి. పండక్కి ముస్తాబైన బళ్లు ఈ వానలోనే తిరుమల కొండకో, భాకరాపేట ఘాట్ మీదుగా మదనపల్లె, హార్స్‌లీ హిల్స్‌కో, మొగిలి ఘాట్ మీదుగా పలమనేరుకో బయలుదేరతాయి.

ఎండలో, ఒక్కరే కూర్చుని, తిన్నటి రోడ్డు మీద నడిపితే బండి అందం కోసం చేయించిన ఏ మార్పూ తప్పనిపించదు. తడి రోడ్డు, వెనక మనిషి, సంచుల బరువు, హెయిర్‌పిన్ మలుపు: ఈ నాలుగూ కలిసినప్పుడు తట్టుకోనిది ఎంత అందంగా ఉన్నా సీజన్ అయిపోయేదాకా విప్పి ఇంట్లో పెట్టుకోవాల్సిందే.

అన్నిటికంటే ముందు వెనక మడ్‌గార్డు చూడండి. కోసేసి, నంబరు ప్లేటు సీటు కిందికి జరిపి, చీర గార్డు పీకేస్తే బండి తేలిగ్గా, కురచగా కనిపిస్తుంది, నిజమే. కానీ వానలో ఆ చక్రం చిమ్మే బురద వెనక కూర్చున్నవాళ్ల వీపు మీదికీ, టెయిల్ ల్యాంపు మీదికీ పోతుంది. అరగంటలో ఎర్రలైటు మట్టిపూత కింద మసకబారుతుంది, వెనక వచ్చే బస్సు డ్రైవరుకు మీరు కనిపించరు. ఇక చీర గార్డు సంగతి. తడిసిన చున్నీ అంచో, చీర కొంగో బరువెక్కి కిందికి జారుతుంది, స్పోకుల్లో ఒక్క చుట్టు పడితే చాలు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వది ఇందుకోసమే ఉంది: వెనక కూర్చున్నవాళ్లకు పట్టుకునే హ్యాండిలు, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు, వెనక చక్రం సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలి. ఇలా మార్చిన బండి మీద సాయంత్రం భార్యనో, అమ్మనో ఎక్కించుకుని కొండకు బయలుదేరే ఆలోచన ఉంటే, కంపెనీ మడ్‌గార్డు, చీర గార్డు, వెనకవాళ్లు పట్టుకునే గ్రాబ్ రైలు మళ్లీ బిగించుకోండి. నాలుగు బోల్టుల పని.

రెండోది హ్యాండిల్ బారు. ఎత్తు బారో, వెడల్పు బారో, దాని కింద ఎత్తు పెంచే రైజరో వేసినప్పుడు పాత వైర్లు, పాత బ్రేక్ గొట్టమే చాలులే అని వదిలేస్తుంటారు. పరీక్ష చాలా సులువు. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో ఇంజను ఆన్ చేసి, యాక్సిలరేటర్ వదిలేసి, హ్యాండిల్‌ను ఎడమ కొస నుంచి కుడి కొస దాకా మెల్లగా తిప్పండి. ఎక్కడైనా ఇంజను శబ్దం పెరిగితే యాక్సిలరేటర్ వైరు బిగుసుకుందని అర్థం. ఘాట్‌లో సరిగ్గా హ్యాండిల్ పూర్తిగా తిప్పే మలుపు దగ్గరే బండి తనంతట తానే ముందుకు దూకుతుంది. అదే ఊపులో క్లచ్ లివరు నొక్కి చూడండి, ఒక కొసన బిగువుగా, ఇంకో కొసన వదులుగా ఉండకూడదు. తర్వాత ముందు బ్రేకు గొట్టం: కొసకు తిప్పినప్పుడు అది తీగలా సాగి కనిపిస్తే పొడవైనది వేయించాలి, వేయించాక గొట్టంలో చేరిన గాలి తీయించాలి. లివరు నొక్కితే స్పాంజిలా మెత్తగా ఉంటే గాలి ఇంకా ఉన్నట్టే. బ్రేక్ ఆయిలు తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లు దాటితే ఎలాగూ మార్చాలి. రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి.

లెగ్ గార్డు మీద ముందుకు కాళ్లు చాపుకునే పెగ్గులు హైవేకు బాగుంటాయి. ఘాట్‌లో మాత్రం వాటి మీద కాలు పెట్టొద్దు. వెనక బ్రేకు మీదికి పాదం వచ్చేలోపు మలుపు అయిపోతుంది.

లైట్ల దగ్గర పొరపాట్లు ఎక్కువ. తెల్లటి ఎల్‌ఈడీ ఫోటోలో మెరుస్తుంది, కానీ వాన జల్లులో, కొండ మీద మంచులో ఆ వెలుతురు నీటి బిందువులకు తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది. పసుపు రంగు, అడ్డంగా పరుచుకునే కాంతి, హెడ్‌లైటు కంటే కింద బిగింపు: ఈ మూడూ చూసుకోండి. లెక్క కూడా వేసుకోండి. 20 వాట్లవి రెండు పెడితే 40 వాట్లు, 12 వోల్టుల దగ్గర సుమారు 3.3 ఆంపియర్లు. దీనికి 5 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. పాత పద్ధతిలో 55 వాట్ల హాలోజన్లు రెండు పెడితే 9 ఆంపియర్లు దాటుతుంది. చిన్న బ్యాటరీ, చిన్న ఆల్టర్నేటర్ ఉన్న బండి ఘాట్‌లో తక్కువ స్పీడులో పోతున్నప్పుడు అంత కరెంటు ఇవ్వలేదు.

వైరింగ్‌ను హెడ్‌లైటు వైరుకు కోసి కలిపి, నల్ల టేపు చుట్టి పంపేస్తే మొదటి వానకే తడిసి తుప్పు పడుతుంది. సరైన దారి ఇదీ: బ్యాటరీ ప్లస్ నుంచి, దానికి దగ్గర్లోనే ఫ్యూజు, అక్కడి నుంచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు డబ్బా) 30 పిన్ను. 87 నుంచి లైట్లకు. 86కు స్విచ్చు, ఆ స్విచ్చుకు కరెంటు తాళం తిప్పితేనే వచ్చే వైరు నుంచి. 85 ఎర్తు. రిలేను నోరు కిందికి ఉండేలా సీటు కింద కట్టాలి, పైకి పెడితే నీళ్లు నిలుస్తాయి. అతుకుల మీద వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం వేయించండి. స్టీరింగ్ మెడ దగ్గర వైర్ల కట్ట ఫ్రేముకు రాసుకుంటుందేమో హ్యాండిల్ రెండు కొసలకూ తిప్పి చూడండి. తోలు ఊడి, ఫ్యూజు పదే పదే కొట్టేసేది ఎక్కువగా అక్కడే. ఫ్యూజు పోయిందని సిగరెట్టు కాగితం చుట్టి పెట్టే పాత చిట్కా జోలికి వెళ్లొద్దు. ఫ్యూజు కాలాల్సిన చోట వైరు కాలుతుంది.

టైర్ల విషయంలో కంపెనీ ఇచ్చిన సైజు మీద నమ్మకం ఉంచండి. సన్నటి రిమ్ముకు లావు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుని టైరు గుండ్రంగా ఉబ్బుతుంది. చూడ్డానికి లావు, రోడ్డుకు తగిలేది తక్కువ. పైగా చైనుకో, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్ముకో రాసుకునే ప్రమాదం. అడవి బాటకు పనికొచ్చే పెద్ద గడుల టైరు కూడా అంతే, తడి తారు మీద దానికి పట్టు తక్కువ. టైరు మీది గాడులు 2 మిల్లీమీటర్ల లోతుకు వస్తే వానకు ముందే మార్చేయండి. పక్కన నాలుగు అంకెల ముద్ర ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. అంత పాత రబ్బరు గడులు బాగున్నా గట్టిపడి ఉంటుంది. వానలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందనే మాట నమ్మొద్దు. గాలి తగ్గితే గాడులు మూసుకుపోయి నీళ్లు బయటికి పోవు. ఎంత గాలి పెట్టాలో స్వింగ్ ఆర్ము మీదో, చైను గార్డు మీదో స్టిక్కరుంటుంది, వెనక మనిషి ఉంటే లెక్క వేరు.

పండగ వాటర్ సర్వీసు గురించి ఒక మాట. టైరు నల్లగా మెరవడానికి పూసే పాలిష్ పక్క గోడలకు మాత్రమే పరిమితం కావాలి, రోడ్డుకు తగిలే భాగం మీద పడితే మొదటి మలుపులోనే జారుతుంది. ఇంజనుకు డీజిల్ కొట్టేవాళ్లుంటారు. డిస్కుకు గుడ్డ అడ్డం పెట్టమనండి. ఇంటికొచ్చాక ముందు చక్రం ఇరుసు చూడండి, దండ దారం అక్కడ చుట్టుకుని ఆయిల్ సీలును కోస్తుంది.

సామాను పెట్టెల్లో టాప్ బాక్సుదే మోజు. అది వెనక ఇరుసుకు అవతల వేలాడుతుంది కాబట్టి అందులో వేసే ప్రతి కిలో ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది; ఎక్కే మలుపులో బండి బయటికి నెట్టుకుపోతుంది. అందులో వాన కోటు, మందులు లాంటివే పెట్టండి. బరువైనవి పక్క సంచుల్లో, అడుగున. రెండు సంచులనూ సూట్‌కేసు తూచే కాటాతో తూచి ఇంచుమించు సమానం చేయండి. వెనక బరువెక్కితే షాక్ అబ్జార్బరు స్ప్రింగు ఒకటి రెండు గాట్లు బిగించాలి, లేకపోతే హెడ్‌లైటు ఆకాశం చూస్తుంది. తిరుమలకైతే అలిపిరి దగ్గర సంచులన్నీ తెరిచి చూపాలి, పది తాళ్లతో కట్టిన మూట కంటే జిప్పు సంచి నయం. బ్రహ్మోత్సవాల గరుడసేవ సందర్భంగా ఘాట్లపై బైకులను నిలిపేస్తారు, మిగతా రోజుల్లో రాత్రివేళ ఆంక్షలుంటాయి. బయలుదేరేముందు ఆ రోజు వేళలు కనుక్కోండి.

తిరుమల నుంచి దిగేది 1944 నాటి మొదటి ఘాట్, 36 హెయిర్‌పిన్లు. రెండో గేరులో ఇంజను పట్టు మీద దిగండి. ఇంజను ఆపి జారవిడిస్తే బ్రేకులు ఒక్కటే మోయాలి, వేడెక్కి పట్టు వదులుతాయి. 40 నిమిషాల కంటే ముందు దిగకూడదని అక్కడ నియమం ఎలాగూ ఉంది. షాకులు కురచ చేసి బండి కిందికి దింపినవాళ్లకు ఈ మలుపుల్లో ఫుట్‌రెస్టు, సైలెన్సరు రోడ్డుకు గీసుకుంటాయి.

గాలిని వడకట్టే ఎయిర్ బాక్సు పీకి బయట పెట్టే కోను ఫిల్టరు వానకు అసలు పనికిరాదు. తిరుపతి వెస్ట్ చర్చి రైల్వే అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిచినప్పుడు అటు పోతే ఇంజను నీళ్లు పీల్చి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. పెద్ద శబ్దం చేసే సైలెన్సరుకు, బండి అసలు రూపు మార్చినందుకు చలానా ఉండనే ఉంది. మార్పుకు మోటారు వాహనాల చట్టం 52, 182ఏ సెక్షన్లు వర్తిస్తాయి, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా.

అన్నీ అయ్యాక పొడిగా ఉన్న రోజున, పూర్తి సామాను వేసుకుని, వెనక మనిషితో చంద్రగిరి మీదుగా భాకరాపేట దాకా ఒకసారి పోయి రండి. వెళ్లేముందు గార్డు, క్యారియరు, బారు క్లాంపుల బోల్టులన్నిటి మీద తెల్ల పెయింటుతో బోల్టు నుంచి ఫ్రేము మీదికి ఒక గీత గీయండి. తిరిగొచ్చాక ఎక్కడ గీత తప్పి రెండు ముక్కలుగా కనిపిస్తుందో ఆ బోల్టును విప్పి, తుడిచి, బోల్టు వదులవకుండా పట్టే నీలం లాక్‌టైట్ జిగురు చుక్క వేసి మళ్లీ బిగించండి.