పదేళ్లుగా కదలని బ్యాంకు ఖాతాలోని డబ్బు వెనక్కి తీసుకోవడం: దరఖాస్తు విధానం

సేవింగ్స్ లేదా కరెంట్ ఖాతాలో ఖాతాదారు స్వయంగా రెండేళ్లకు మించి ఏ లావాదేవీ చేయకపోతే బ్యాంకు దాన్ని ఇనాపరేటివ్ ఖాతాగా మారుస్తుంది. పదేళ్లు దాటితే అందులోని సొమ్మంతా, జమైన వడ్డీతో సహా, రిజర్వ్ బ్యాంకు నిర్వహించే డిపాజిటర్ ఎడ్యుకేషన్ అండ్ అవేర్‌నెస్ ఫండ్‌కు వెళ్తుంది. గడువు తీరాక పదేళ్లపాటు ఎవరూ అడగని ఫిక్స్‌డ్ డిపాజిట్లకూ, మార్చుకోని డీడీలకూ ఇదే నియమం. 2014 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. సొమ్ము ఫండ్‌కు వెళ్లినంత మాత్రాన హక్కు పోదు. ఖాతాదారుగానీ వారసులుగానీ ఎప్పుడైనా అడగవచ్చు, దానికి ఆఖరు తేదీ లేదు.

కొన్ని శాఖల్లో ‘డబ్బు ఆర్‌బీఐకి వెళ్లిపోయింది, అక్కడి నుంచి రావాలి’ అంటారు. ఆ మాటతో వెనుదిరగకండి. నిబంధన ప్రకారం ముందు బ్యాంకే మీకు చెల్లించాలి, ఆ తర్వాత ఫండ్ నుంచి తాను రాబట్టుకోవాలి. మీరు రిజర్వ్ బ్యాంకుకు అర్జీ పెట్టుకోవాల్సిన పని లేదు.

ఖాతా ఎక్కడుందో వెతకడం

పాస్‌బుక్, డిపాజిట్ రసీదు ఉంటే నేరుగా శాఖకు వెళ్లండి. ఏమీ లేకపోతే 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో వెతకాలి. మొబైల్ నంబరు, పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి, ఓటీపీతో నమోదు చేసుకోవాలి. రుసుము లేదు. ఖాతాదారు పేరు రాసి, బ్యాంకుల జాబితాలో అన్నింటినీ ఎంచుకోండి. ఆపైన పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు నంబర్లలో ఒకటి గానీ పుట్టిన తేదీ గానీ ఇవ్వాలి. ఇవేవీ లేకపోతే చిరునామాతోనూ వెతకొచ్చు. పాత ఖాతాల్లో చాలావాటికి పాన్ నమోదై ఉండదు. అందుకే పాన్‌తో ఫలితం రాలేదని ఆగిపోకుండా పుట్టిన తేదీతో, ఆనాటి చిరునామాతో మళ్లీ వెతకాలి.

ఎక్కువమందికి ఫలితం దొరకకపోవడానికి కారణం పేరు. మన పేర్లలో ఇంటిపేరు ఒక ఖాతాలో ముందు, ఇంకో ఖాతాలో వెనుక ఉంటుంది. ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా రాసి ఉంటుంది. ఇంగ్లిషు అక్షరాల్లో వెంకటేశ్వర్లు, లక్ష్మి వంటి పేర్లకు రెండు మూడు స్పెల్లింగులు వాడుకలో ఉన్నాయి. అన్ని రూపాల్లోనూ వెతకండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతా అయితే పుట్టింటి పేరుతో కూడా చూడాలి.

బ్యాంకు పేరు మారి ఉండొచ్చు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిశాయి. సిండికేట్ బ్యాంకు కెనరాలో, ఐఎన్‌జీ వైశ్యా కోటక్ మహీంద్రాలో కలిశాయి. పాత పాస్‌బుక్‌లోని ఖాతా నంబరు ఇప్పటి కంప్యూటర్లో కనిపించకపోవచ్చు. పాత, కొత్త నంబర్ల జత శాఖ దగ్గర ఉంటుంది, అది చూడమని అడగండి. ఉద్గమ్‌లో మొత్తం 30 బ్యాంకులే ఉన్నాయి. అర్బన్ సహకార బ్యాంకుల్లో చాలావరకు అందులో లేవు. వాటికి ఆ బ్యాంకు వెబ్‌సైటులోని జాబితా చూడాలి, లేదా శాఖకు వెళ్లి అడగాలి. పోస్టాఫీసు పొదుపు, ఎల్ఐసీ పాలసీలు, షేర్లు ఈ పోర్టల్ పరిధిలోకి రావు.

పేరు దొరికితే దాని పక్కన యూడీఆర్‌ఎన్ అనే నంబరు ఉంటుంది. ఇతరులు దుర్వినియోగం చేయకుండా అందులో ఖాతా నంబరు, శాఖ వివరాలు బయటపడని రీతిలో దాన్ని తయారుచేశారు. ఆ నంబరు రాసుకుని బ్యాంకు శాఖకు వెళితే అసలు ఖాతా ఏదో వాళ్లు తీయగలరు.

ఖాతాదారు బతికే ఉంటే

ఇది తేలిక. దరఖాస్తుతో పాటు ఆధార్, పాన్, ఫోటో ఇచ్చి కేవైసీ పూర్తిచేయాలి. కేవైసీని మీ సొంత శాఖలోనే చేయాలన్న నియమం లేదు, ఆ బ్యాంకు ఏ శాఖలోనైనా చేయించుకోవచ్చు. ఖాతాను తిరిగి తెరిపించుకోవడానికి బ్యాంకు చార్జీ వేయకూడదు. ఇనాపరేటివ్‌గా ఉన్నకాలానికి కనీస నిల్వ లేదని జరిమానా కూడా వేయకూడదు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు ఆదేశాల్లో ఇదంతా ఉంది. సంతకం మారిందన్న అభ్యంతరం తరచూ వస్తుంది. దానికి కొత్త సంతకం నమూనా, గుర్తింపు పత్రం ఇస్తే సరిపోతుంది.

ఖాతాదారు చనిపోయి ఉంటే

ముందుగా తేల్చుకోవాల్సింది నామినీ ఉన్నారా లేదా, జాయింట్ ఖాతా అయితే ‘బతికున్నవారికి’ అనే షరతు ఉందా లేదా అన్నది. ఈ రెంటిలో ఏది ఉన్నా కావాల్సినవి మూడే: క్లెయిమ్ ఫారం, మరణ ధ్రువీకరణ పత్రం, నామినీ లేదా బతికున్న ఖాతాదారు గుర్తింపు పత్రం. మొత్తం ఎంత పెద్దదైనా సరే, కోర్టు నిషేధ ఉత్తర్వు లేనంతవరకు, వారసత్వ సర్టిఫికెట్ గానీ ఇండెమ్నిటీ బాండు (తర్వాత బ్యాంకుకు నష్టం వస్తే భరిస్తామని రాసిచ్చే పత్రం) గానీ జామీను గానీ అడగకూడదు. అయితే నామినీ ఆ డబ్బును వారసుల తరఫున తీసుకుంటాడే తప్ప సొంతదారు కాడు. మిగతా వారసులు తమ వాటాను అతని నుంచి అడగవచ్చు. ఇది ముందే ఇంట్లో మాట్లాడుకుంటే తర్వాత తగువులుండవు.

నామినీ లేకపోతే పత్రాలు పెరుగుతాయి. క్లెయిమ్ చేసేవారు ఇండెమ్నిటీ బాండు ఇవ్వాలి. క్లెయిమ్ చేయని వారసులు ‘మాకు అభ్యంతరం లేదు’ అని రాసివ్వాలి. వారసులెవరో తేల్చడానికి చట్టబద్ధ వారసుల ధ్రువీకరణ పత్రం కావాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇందుకు మీసేవ ద్వారా తహసీల్దారు కార్యాలయానికి దరఖాస్తు చేస్తారు. అది లేకపోతే, కుటుంబాన్ని బాగా ఎరిగిన, ఈ సొమ్ముతో సంబంధం లేని, బ్యాంకుకు సమ్మతమైన వ్యక్తి ఇచ్చే వాంగ్మూలమైనా చాలు. 2025 సెప్టెంబరు నాటి రిజర్వ్ బ్యాంకు ఆదేశాల ప్రకారం 15 లక్షల రూపాయల దాకా, సహకార బ్యాంకుల్లో 5 లక్షల దాకా, మూడోవ్యక్తి జామీను అడగకూడదు. అంతకు మించిన మొత్తానికి సివిల్ కోర్టు ఇచ్చే వారసత్వ సర్టిఫికెట్ అడగవచ్చు. దానికి కోర్టు ఫీజు, నెలల సమయం పడతాయి.

క్లెయిములు ఆగిపోయేది ఎక్కువగా పేర్ల తేడాల దగ్గరే. మరణ పత్రంలో ఒక పేరు, పాస్‌బుక్‌లో ఇంకో పేరు ఉంటే, ‘ఇద్దరూ ఒకరే’ అని నోటరీ చేయించిన అఫిడవిట్‌ను మొదటిరోజే జతచేయండి. డిపాజిట్ రసీదు పోయుంటే ఆ సంగతి దరఖాస్తులోనే రాయండి. వారసుల్లో ఒకరు విదేశంలో ఉంటే వారి అభ్యంతరం లేదన్న పత్రాన్ని అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి తెప్పించడం మంచిది. ప్రవాసులైన వారసుల వాటా ఎన్ఆర్ఓ ఖాతాలో (ప్రవాసులు ఇక్కడ ఉంచుకునే రూపాయి ఖాతా) జమవుతుంది.

వడ్డీ లెక్క

ఫండ్‌లో ఉన్న కాలానికి 2021 మే 11 నుంచి సాధారణ వడ్డీ 3 శాతం. 50,000 రూపాయలు ఉంటే ఏడాదికి 1,500 రూపాయలు. అంతకుముందు 2018 జూలై నుంచి 3.5 శాతం, దానికి ముందు 4 శాతం ఉండేది. కరెంట్ ఖాతాకు వడ్డీ రాదు. గడువు తీరిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు పాత ఒప్పంద వడ్డీ ఏళ్లతరబడి కొనసాగుతుందనుకోవద్దు. చెల్లింపుతో పాటు వడ్డీ లెక్క కాగితం మీద ఇమ్మని అడగండి.

మధ్యవర్తులు కమీషన్ అడుగుతుంటారు. పైన చెప్పిన ఏ దశలోనూ వాళ్ల అవసరం లేదు. ఓటీపీ, ఆధార్ జిరాక్సు వాళ్ల చేతికివ్వకండి.

పత్రాలిచ్చిన రోజే తేదీతో రసీదు తీసుకోండి. మరణించిన వారి ఖాతా క్లెయిమును, అన్ని పత్రాలూ అందిన 15 రోజుల్లో బ్యాంకు తేల్చాలి. తన తప్పుతో ఆలస్యం చేస్తే, రిజర్వ్ బ్యాంకు ప్రకటించే ‘బ్యాంక్ రేటు’కు మరో 4 శాతం కలిపి ఆ చొప్పున వడ్డీ కట్టాలి. ఈ నియమాలను 2026 మార్చి 31లోగా అమల్లోకి తేవాలని బ్యాంకులకు ఆదేశం. శాఖ కదలకపోతే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే అధికారి) ఆన్‌లైన్లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సందేహాలకు 14448 నంబరు ఉంది. అంబుడ్స్‌మన్‌కు పంపే ఫిర్యాదుతో పాటు, బ్యాంకుకు మీరు రాసిన ఫిర్యాదు ప్రతిని, దానికి బ్యాంకు ఇచ్చిన రసీదును జతచేయాలి.