క్లేడర్‌మాన్ ట్యూన్ ఇంట్లో వాయించాలంటే ముందు కుడి చెయ్యి జేబులో పెట్టుకోండి

పిల్లల కోసమని కీబోర్డు కొనడం, రెండు నెలలు క్లాసులకు పంపడం, ఆ తర్వాత అది బీరువా మీదకి ఎక్కడం చాలా ఇళ్ళల్లో జరిగేదే, మా ఇంట్లోనూ అదే జరిగింది. ఒక ఆదివారం దాన్ని దించి, దుమ్ము తుడిచి, చిన్నప్పుడు మా బాబాయి వాళ్ళింట్లో క్యాసెట్లో విన్న 'బల్లాడ్ పూర్ అడెలిన్' నేర్చుకుందామని కూర్చున్నాను. పేరు కొత్తగా ఉన్నా ఒకసారి వింటే 'ఓ, ఇదా' అంటారు. మూడు వారాలు కుడి చేత్తో ట్యూన్ బట్టీ పట్టాను, ఎడమ చెయ్యి కలపగానే మొత్తం కుప్పకూలింది. చర్చిలో కీబోర్డు వాయించే నా ఫ్రెండు ఒకడు అది విని నవ్వాపుకుని, "ముందు కుడి చెయ్యి జేబులో పెట్టుకోరా" అన్నాడు, అంటే ముందు ఎడమ చెయ్యి ఒక్కటే సాధన చెయ్యమని. ఈ వ్యాసంలో సగం వాడి సలహానే.

ఆ సలహా ఎందుకు పనిచేస్తుందో, ఈ ట్యూన్ వాయించిన ఫ్రెంచ్ పియానిస్టు రిచర్డ్ క్లేడర్‌మాన్ కథ చదివితే నాకు అర్థమైంది. ఆయన అసలు పేరు ఫిలిప్ పజేస్, 1953 డిసెంబర్ 28న పారిస్‌లో పుట్టారు, తండ్రి పియానో మాస్టారు. 12 ఏళ్ళకే పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో సీటు, 16 ఏళ్ళకు అక్కడ మొదటి బహుమతి. ఆ లెక్కన శాస్త్రీయ పియానిస్టు కావాల్సిన మనిషి, కానీ తండ్రి జబ్బుపడి ఇంట్లో డబ్బుకి కటకటగా ఉండటంతో సంపాదన కోసం గాయకుల వెనక పియానో వాయించే పనిలో చేరారు. మిషెల్ సార్దూ, జానీ హాలిడే లాంటి పెద్ద గాయకుల పక్కన వాయించారు. గాయకుడి గొంతుని మింగేయకుండా వెనక నుంచి పట్టుకోవడం, అదీ ఆ ఉద్యోగం. ఈ ట్యూన్‌లో ఎడమ చెయ్యి చెయ్యాల్సిందీ అదే.

1976లో పాల్ ద సెన్నవిల్, ఒలివియే తుసాన్ అనే ఇద్దరు నిర్మాతలు ఒక చిన్న ట్యూన్ కోసం పియానిస్టుని వెతుకుతున్నారు. సెన్నవిల్ తనకు కొత్తగా పుట్టిన కూతురు అడెలిన్ కోసం కట్టిన ట్యూన్ అది. ఆడిషన్‌కి వచ్చిన 20 మందిలో ఫిలిప్‌ని తీసుకున్నారు, కారణం ఆ మెత్తటి టచ్. ఫ్రాన్స్ బయట 'పజేస్' ఎవరికీ నోరు తిరగదని ముత్తవ్వ వైపు పేరు క్లేడర్‌మాన్ తగిలించారు. ఆ ఒక్క ట్యూనే 38 దేశాల్లో 2 కోట్ల 20 లక్షల కాపీలు అమ్ముడైందని ఆయన పరిచయాల్లో రాస్తుంటారు. శాస్త్రీయ సంగీతం వాళ్ళు ఆయన్ని లిఫ్టుల్లో వేసే మ్యూజిక్ అని తీసిపారేస్తారు, నాకైతే అలా అనేవాళ్ళని ఒక్కసారి ఆ టచ్‌తో వాయించి చూపించమనాలనిపిస్తుంది.

సరే, ఇక కీబోర్డు దగ్గరికి. కొనేవాళ్ళు ఒక్కటి చూసుకోండి, గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా పలికే 'టచ్ సెన్సిటివ్' కీలు ఉండాలి. లేకపోతే మీరు ఎంత మెత్తగా వేలు వేసినా శబ్దం ఒకేలా వస్తుంది, ఈ ట్యూన్ ఆత్మ అక్కడే పోతుంది. కీ మీంచి వేలు తీసినా స్వరం మోగుతూ ఉండేలా కాలితో తొక్కే సస్టెయిన్ పెడల్ కూడా కావాలి, అది విడిగా కొనుక్కోవచ్చు.

ఈ ట్యూన్ సీ మేజర్‌లో ఉంటుంది, అంటే దాదాపు అన్నీ తెల్ల కీలే. కాస్త సంగీతం తెలిసినవాళ్ళకి ఇంకా తేలిక, సీ ని షడ్జమం అనుకుంటే అవి శంకరాభరణం స్వరాలే. మొదటి వారం ఎడమ చెయ్యి ఒక్కటే, అదీ కార్డులు, అంటే ఒకదానితో ఒకటి కలిసే స్వరాల గుంపులు: సీ కార్డుకి స, ప, పై స. డీ మైనర్‌కి రి, ద, పై రి. జీ కార్డుకి కింది ప, రి, ప. మూడు స్వరాలూ కలిపి కొట్టకండి, ఒకదాని తర్వాత ఒకటి, దండలో పూలు గుచ్చినట్టు. తాళం కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 50 దెబ్బల మీద పెట్టి, ఈ చెయ్యి ఆడుతుండగా ఇంట్లోవాళ్ళతో మాట్లాడగలిగితే చెయ్యి తయారైనట్టు. నాకు పదకొండు రోజులు పట్టింది, మా ఆవిడ 'కూరలోకి ఉప్పు చాలిందా' అని అడిగిన ప్రతిసారీ తాళం తప్పేది.

కుడి చెయ్యి వచ్చాక ఎడమ చెయ్యి సగం శబ్దానికి దిగాలి, అసలు కష్టం ఇదే. చిట్కా ఏంటంటే, ఎడమ చేత్తో కీలని నొక్కకుండా పైపైన తాకుతూ, కుడి చేత్తో మాత్రం మామూలుగా వాయించడం. మొదట్లో కుడి చేత్తో పాటు ఎడమ చెయ్యి కూడా బలం పెంచేస్తుంది, కంగారు పడకండి.

పెడల్ విషయంలో అందరూ చేసే తప్పు, తొక్కి అలాగే ఉంచేయడం. అప్పుడు స్వరాలన్నీ కలిసి గంజిలా అయిపోతాయి. కొత్త కార్డు మీద వేలు పడే క్షణంలో పాదం ఎత్తి, వెంటనే మళ్ళీ తొక్కాలి. చెయ్యి కిందికి, కాలు పైకి.

ఇది చేతికొచ్చాక సెన్నవిల్‌దే 'మారియాజ్ దామూర్' పట్టుకోండి. యూట్యూబ్‌లో పాతకాలపు శాస్త్రీయ స్వరకర్త షోపాన్ పేరుతో 'స్ప్రింగ్ వాల్ట్జ్' అని వెతికితే దొరుకుతుంది, పేరు తప్పు, షోపాన్‌కీ దానికీ సంబంధం లేదు. జీ మైనర్ కాబట్టి 'బీ', 'ఈ' అనే రెండు స్వరాలూ నల్ల కీల మీదకి వెళ్తాయి, నేను ఇంకా రెండో లైన్ దగ్గరే ఉన్నాను.