పాత స్నేహితునికి మళ్లీ రాసేటప్పుడు

చాలా ఏళ్లుగా పలకరింపు లేని స్నేహితుడు ప్రార్థన వేళ హఠాత్తుగా గుర్తుకు వస్తే, ఆ తలపును అక్కడే వదిలేయకుండా, లేచిన వెంటనే అతనికి నాలుగు వాక్యాలు రాసి పంపడం మంచిది. తీరిక దొరికాక రాద్దామనుకుంటే ఆ తీరిక ఎప్పటికీ దొరకదు.

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదో సంజాయిషీతో మొదలుపెట్టవద్దు. అది చదివిన మనిషి తానూ సంజాయిషీ ఇచ్చుకోవాలేమోనని ఇబ్బంది పడతాడు. దానికి బదులు మీ ఇద్దరికే తెలిసిన ఒక చిన్న విషయం రాయండి: "పరీక్ష ముందురోజు నీ నోట్సు నాకిచ్చి, నువ్వు ఇంకొకరి పుస్తకంలో చదువుకున్నావు, అది ఈ రోజు గుర్తొచ్చింది" అన్నట్లుగా. "ఎలా ఉన్నావు" అంటే బాగున్నాననడం తప్ప జవాబు ఉండదు గాని, ఇటువంటి జ్ఞాపకానికి మనసు దానంతటదే బదులిస్తుంది. చివర "వీలుకాకపోతే జవాబు రాయనక్కరలేదు" అని చేర్చడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మర్యాద.

అవతలివారు ఏమనుకుంటారోనన్న బెరుకు సహజమే. అయితే 2022లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి పత్రికలో వెలువడిన పరిశోధన ప్రకారం, ఇలాంటి అనుకోని పలకరింపును పంపినవారు ఊహించిన దానికంటే అందుకున్నవారు ఎక్కువగా మెచ్చుకుంటారు.

ఏదైనా సాయం అడగవలసి ఉంటే మొదటి ఉత్తరంలో దాని ఊసే ఎత్తకండి. విశ్వాసం విషయంలోనూ అంతే. ఈ మధ్యకాలంలో అతని నమ్మకాలు మారి ఉండవచ్చు కనుక, "నీ కోసం ప్రార్థించాను" అన్న మాట దగ్గరే ఆగి, అతని ఆచరణ గురించి ఆరా తీయకుండా ఉండండి.