సాంఘిక శాస్త్ర ప్రదర్శనకు ప్రాజెక్టు – 3వ పాఠం: కాంటూరు పటం నుంచి అట్టల నమూనా

గత పాఠంలో ప్రశ్న ఖాయం చేసుకున్నాం: కొండ మీదికి వెళ్లే రోడ్డు అన్ని మెలికలు ఎందుకు తిరుగుతుంది? దానికి జవాబు చూపించే నమూనాను ఈ పాఠంలో తయారు చేద్దాం. ముచ్చటగా కనిపించే కొండ బొమ్మ ఎవరైనా చేస్తారు. కొలిచి చూస్తే సరిపోయే కొండ కావాలంటే మాత్రం కట్టర్ పట్టుకునే ముందే లెక్క తేలాలి.

లెక్క

కాంటూరు పటం అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలున్న పటం. 1:50,000 స్కేలు ఉన్న అలాంటి పటంలో 20 సెం.మీ. పొడవు, 14 సెం.మీ. వెడల్పు ముక్క ఎంచుకోండి. నేల మీద అది 10 కి.మీ. పొడవు, 7 కి.మీ. వెడల్పు. దాన్ని 200 శాతానికి పెంచి జిరాక్స్ తీయిస్తే 40 × 28 సెం.మీ. వస్తుంది, ఏ3 కాగితంలో పడుతుంది. ఇప్పుడు స్కేలు 1:25,000. తీయించే ముందు ముక్క మూలలో పెన్సిలుతో సరిగ్గా 2 సెం.మీ. గీత గీయండి. కాపీలో అది 4 సెం.మీ. ఉండాలి. 3.8 ఉందంటే యంత్రం కాగితానికి సరిపెట్టడానికి పటాన్ని కుదించిందన్నమాట, మళ్లీ తీయించండి. ఈ తేడా పట్టుకోకపోతే తర్వాతి కొలతలన్నీ తప్పుతాయి.

ఇక ఎత్తు. పటంలో కాంటూరు అంతరం (పక్కపక్క గీతల మధ్య ఎత్తు తేడా) 20 మీటర్లు, కనిష్ఠ ఎత్తు 300, శిఖరం 548 మీటర్లు అనుకుందాం. ప్రతి గీతకూ ఒక అట్ట వేస్తే 12 పొరలవుతాయి, కోయడానికే రోజులు పడుతుంది. గీత విడిచి గీత తీసుకోండి: 320, 360, 400, 440, 480, 520. అడుగు అట్ట కాక ఆరు పొరలు.

అట్ట మందం కంటితో అంచనా కట్టకండి. పది ముక్కలు ఒకదానిపై ఒకటి పేర్చి, కొద్దిగా అదిమి, స్కేలుతో కొలిచి పదితో భాగించండి. 4 మి.మీ. వచ్చిందనుకోండి. 1:25,000 స్కేలులో 40 మీటర్ల ఎత్తు నిజానికి 1.6 మి.మీ. మాత్రమే. అంటే మన నమూనాలో ఎత్తు 2.5 రెట్లు పెరిగింది. ఇది తప్పు కాదు. పెంచకపోతే కొండ కంటికి ఆనదు. కానీ ఆ సంగతి నమూనా మీద రాసి తీరాలి: "అడ్డు స్కేలు 1:25,000, ఎత్తు 2.5 రెట్లు పెంచి చూపాం". మా దృష్టిలో 2 నుంచి 3 రెట్లు సబబు. 10 మీటర్ల అంతరానికి ఇదే అట్ట వాడితే పెంపు 10 రెట్లవుతుంది, చిన్న గుట్ట కూడా మహాపర్వతంలా కనిపిస్తుంది.

గీయడం, కోయడం

ఎక్కువ నమూనాలు చెడేది ఇక్కడే. కాంటూరు గీత 'V' ఆకారంలో వంగినచోట అది లోయో, కొండకొమ్మో (కొండ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన భాగమో) తేల్చుకోవాలి. V మొన ఎత్తైన వైపు చూస్తే లోయ, పల్లం వైపు చూస్తే కొమ్ము. అనుమానం వస్తే పటంలో వాగును చూపే నీలి గీత ఉందేమో చూడండి. వాగు ఉంటే అది లోయే. ఇది తారుమారైతే వాగు కొండ అంచు మీద పారుతున్నట్టు తయారవుతుంది.

ఆరు అట్టలనూ 40 × 28 కొలతకు కోసి, ఎడమ పై మూలలో గుర్తు పెట్టండి. పటం కింద కార్బన్ కాగితం ఉంచి, ప్రతి అట్ట మీదా రెండు గీతలు దించండి: ఆ పొర గీత ఎరుపులో, దాని పై పొర గీత నీలం చుక్కల్లో. ఎరుపు గీత కోయడానికి, నీలం గీత పై అట్ట ఎక్కడ కూర్చోవాలో చూపడానికి. నీలం గీత మరిచిపోతే అతికించేటప్పుడు పొరలు పక్కకు జరిగి కొండ ఒరిగిపోతుంది. ఒకే ఎత్తు గీత రెండు గుట్టల చుట్టూ విడివిడిగా ఉండొచ్చు, రెండో ముక్కను వదిలేయకండి. కోసిన ప్రతి ముక్క వెనకా ఎత్తు రాయండి.

కట్టర్ పని పెద్దవాళ్లు పక్కనుండగానే. బ్లేడు కొత్తది వేసి, ఒకే గీటున కాకుండా రెండు మూడు సార్లు తేలిగ్గా లాగండి. మొద్దు బ్లేడు అట్టను కోయదు, చించుతుంది.

అతికించడం

తెల్ల జిగురు పలచగా పూయండి, అంచుకు ఒక సెంటీమీటరు లోపలే ఆపండి. జిగురులోని నీటికి అట్ట ఒకవైపే ఉబ్బుతుంది, అందుకే వంకర తిరుగుతుంది. ముడతల అట్టయితే ఒక పొర ముడతలు నిలువుగా, తర్వాతి పొరవి అడ్డంగా వచ్చేలా కోస్తే ఆ వంపు చాలావరకు తగ్గుతుంది. రెండేసి పొరలు అతికించి, పైన బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలేయండి.

మెట్లను కాగితం గుజ్జుతో నునుపు చేయాలనిపిస్తుంది. చేయకండి. గుజ్జు ఆరేటప్పుడు కుంచించుకుని పగుళ్లిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, మెట్లు కనిపిస్తేనే చూసేవాళ్లు "ఒక్కో మెట్టు 40 మీటర్లు" అని లెక్కపెట్టుకోగలరు.

దారం పరీక్ష

నమూనాకు ప్రాణం ఇదే. ఒక మెట్టు వెడల్పు 8 మి.మీ. ఉన్నచోటు వెతకండి. నేల మీద అది 200 మీటర్లు. అంత దూరంలో 40 మీటర్లు ఎక్కాలి, అంటే వాలు 5కి 1. (నమూనా వాలును నేరుగా కొలవొద్దు, ఎత్తు పెంచాం కాబట్టి అది 2కి 1 అని చూపిస్తుంది.) బరువు బండ్లు ఎక్కాల్సిన రోడ్డుకు 20కి 1 వాలు అనుకుంటే, 40 మీటర్లు ఎక్కడానికి 800 మీటర్ల దారి కావాలి. నమూనాలో అది 3.2 సెం.మీ.

ఎర్ర దారాన్ని 3.2 సెం.మీ. ముక్కలుగా కత్తిరించండి. ఒక్కో ముక్కతో సరిగ్గా ఒక మెట్టు ఎక్కాలి. 8 మి.మీ. మెట్టు మీద 32 మి.మీ. దారం తిన్నగా పైకి పోలేదు. మెట్టు వెంట ఏటవాలుగా సాగాలి, లేదా మలుపు తిరగాలి. అలా కొండపైకి చేరాక, పటంలోని అసలు రోడ్డును పక్కన నల్ల దారంతో వేసి పోల్చండి. రెండూ కలవనిచోట కారణం వెతికి నోట్సులో రాసుకోండి: వాగు దాటాల్సి వచ్చిందా, మధ్యలో ఊరు ఉందా, సొరంగం తవ్వారా?

వచ్చే పాఠానికి ముందు ఇంకో లెక్క చేసుకురండి. అట్ట మందం 3 మి.మీ., కాంటూరు అంతరం 50 మీటర్లు, స్కేలు 1:25,000 అయితే ఎత్తు ఎన్ని రెట్లు పెరుగుతుంది? 1.5 వస్తే మీ లెక్క సరైనదే. రంగులు, సూచిక, వివరణ చార్టు 4వ పాఠంలో.