తొలితరం గ్యాస్ మాస్కులు (1915–18): ఏది చెడింది, ఎందుకు చెడింది, ఎలా సరిచేశారు

మొదటి ప్రపంచయుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు సిలిండర్ల నుంచి క్లోరిన్ అనే విషవాయువు వదిలారు. అక్కణ్ణుంచి యుద్ధం ముగిసేదాకా వచ్చిన దాదాపు ప్రతి మాస్కూ దాని ముందుదాని లోపాన్ని సరిదిద్దడానికి పుట్టిందే. మ్యూజియంలో వాటిని గుర్తుపట్టాలన్నా, నమూనా కుట్టాలన్నా, ఏ బాధకు ఏ మార్పు చేశారో తెలిస్తే పని సులువవుతుంది. కింద చెప్పిన తిప్పల్లో చాలా వాటికి మూలం బయటి విషవాయువు కంటే, సైనికుడు వదిలే ఊపిరే. దాన్ని ఎటు పంపాలన్నదే ఇంజనీర్లను ఎక్కువగా వేధించింది.

తడి గుడ్డ కట్టుకుంటే గాలి ఆడదు

మొదట్లో ముక్కూ నోరూ మూసేలా కట్టుకున్న తడి పట్టీల్లో తప్పు దూదిది. పొడి దూదిలోంచి గాలి వెళుతుంది, క్లోరిన్ కూడా వెళుతుంది. తడిపితే పీచు ముద్దకట్టి రెండూ ఆగిపోతాయి. ఊపిరాడక సైనికుడు గుడ్డ పక్కకు లాగుతాడు, అంతటితో రక్షణ పోయినట్టే.

1915 మేలో బ్రిటిష్ సైన్యం ఇచ్చిన ‘బ్లాక్ వెయిల్’లో దూది బదులు నూలు మిల్లు వ్యర్థపు పీచు వాడారు. అది తడిసినా ముద్దకట్టదు. దాన్ని పొడవాటి నల్లటి వలగుడ్డలో చుట్టి తల వెనక ముడివేసేవారు, గుడ్డ పై అంచును కళ్ల మీదికి లాక్కునేవారు. ముంచే ద్రావణంలో నీళ్లతోపాటు మూడు పదార్థాలు. హైపో (ఫోటోలు కడిగేవాళ్లు వాడే సోడియం థయోసల్ఫేట్) క్లోరిన్‌ను చంపుతుంది. చాకలి సోడా ఆ చర్యలో పుట్టే ఆమ్లాన్ని విరుస్తుంది. గ్లిజరిన్ పట్టీని ఆరిపోనివ్వదు. అయినా ఆరిపోతే మళ్లీ ముంచాల్సిందే. ముక్కు పక్కనా బుగ్గల దగ్గరా సందులు మాత్రం మిగిలే ఉన్నాయి.

సంచీ ముసుగులో ఉక్కపోత, తలతిరుగుడు

సందుల బాధ తప్పించడానికి న్యూఫౌండ్లాండ్ (ఇప్పుడు కెనడాలో భాగం) దళం వైద్యుడు క్లూనీ మక్‌ఫర్సన్ తల మొత్తం కప్పే ఫ్లానెల్ (మెత్తటి ఉన్నిగుడ్డ) సంచీ రూపొందించాడు. హైపోలో ముంచిన ఆ సంచీ అంచును చొక్కా కాలర్‌లోకి దోపాలి. దోపడం సరిగా లేకపోతే వాయువు కింది నుంచి వస్తుంది. వాల్వ్ లేదు కాబట్టి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత మళ్లీ పీల్చుకోవాల్సి వచ్చేది. చూసేందుకున్న ఒకే ఒక్క కిటికీ మడతపెడితే పగిలేది.

తర్వాతి ‘పీ’ హెల్మెట్‌లో పళ్ల మధ్య పట్టుకునే గొట్టం, దాని బయటి కొసన రబ్బరు వాల్వ్, రెండు గుండ్రటి కళ్లద్దాలు వచ్చాయి. ముక్కుతో పీల్చాలి, నోటితో వదలాలి. వాల్వ్ సుఖం కోసం పెట్టింది మాత్రమే కాదు. ఈ హెల్మెట్ మందు క్షారం, వదిలే కార్బన్ డయాక్సైడ్ గుడ్డలోంచి వెళితే ఆ క్షారాన్ని తినేస్తుంది. రబ్బరు పెదవులు అతుక్కుంటే ఊపిరి వదలడం కుదరదు. మట్టి అడ్డుపడి తెరుచుకునే ఉంటే వడపోత లేని గాలి నేరుగా లోపలికి వస్తుంది.

క్లోరిన్ ఆగింది, ఫాస్‌జీన్ ఆగలేదు

హైపో ఫాస్‌జీన్ అనే మరో విషవాయువును పట్టదు. అందుకే పీ హెల్మెట్‌కు సోడియం ఫీనేట్ అనే క్షార రసాయనం పట్టించారు. ఆ క్షారానికి ఉన్ని చివికిపోతుంది కాబట్టి ఒక పొర ఉన్ని ఫ్లానెల్ బదులు రెండు పొరల నూలు ఫ్లానెలెట్ వాడారు. 1916లో హెక్సామిన్ అనే రసాయనం కూడా కలిపితే ‘పీహెచ్’ అయింది. వానకో చెమటకో తడిస్తే మందు కారి నుదురూ కళ్లూ మండేవి. ఇది గుడ్డ ముసుగుతో తీరే బాధ కాదు, మందును గుడ్డకు బదులు డబ్బాలో నింపిన మాస్కులు వచ్చాకే తీరింది.

అద్దాలు మసకబారతాయి

చల్లటి అద్దానికి తేమ ఊపిరి తగిలితే మసక తప్పదు. దీనికి ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది.

జర్మన్లు అద్దం లోపల జెలటిన్ పూసిన పల్చటి బిళ్ల పెట్టారు. జెలటిన్ తేమను పీల్చుకుంటుంది. పూత ఉన్న వైపు కంటివైపు ఉండాలి, దానికి వేలు తగలకూడదు. రష్యా వాడిన జెలిన్‌స్కీ-కుమ్మంత్ రబ్బరు ముసుగుకు బయటికి పొడుచుకొచ్చిన తిత్తి ఉండేది. అందులోంచి వేలు పోనిచ్చి అద్దాన్ని లోపలివైపు తుడుచుకునేవారు.

బ్రిటిష్ ‘స్మాల్ బాక్స్ రెస్పిరేటర్’ (1916) ఊపిరిని ముఖం దగ్గరికే రానివ్వలేదు. ముక్కుకు క్లిప్పు, నోట్లో డబ్బాకు కలిపిన రబ్బరు గొట్టం. అద్దాలకు చేరేది ముఖపు చెమట తేమ మాత్రమే. దవడ నొప్పి, చొంగ కారడం దానికి చెల్లించిన మూల్యం.

అన్నిటికంటే తెలివైనది ఫ్రెంచి ‘టిస్సో’ మాస్కు పద్ధతి. లోపలికి వచ్చే పొడిగాలిని ముందుగా అద్దాల మీదుగా పారించి, ఆ తర్వాతే ముక్కుకు అందిస్తారు. పీల్చిన ప్రతిసారీ అద్దం ఆరుతుంది. ఫ్రెంచి ఏఆర్‌ఎస్ మాస్కులోనూ ఇదే అమరిక.

డబ్బా ఉన్నా మంట పుడుతోంది

స్మాల్ బాక్స్‌లో తప్పు ఎక్కడుందో మంటే చెబుతుంది. కళ్లు మండి గొంతు బాగుంటే లోపం ముఖపు అంచులోనో గుడ్డలోనో ఉంది. గొంతు మండి కళ్లు బాగుంటే గొట్టం, వాల్వ్, డబ్బా చూడాలి. ఊపిరి దారి, ముఖపు గుడ్డ విడివిడిగా ఉండటం వల్లే ఈ తేడా తెలుస్తుంది. జర్మన్ మాస్కులో రెండూ ఒకటే కాబట్టి ఈ పరీక్ష పనికిరాదు.

ముఖపు అంచు లోపానికి విరుగుడు సరైన సైజు, పట్టీల బిగింపు. తొడిగేటప్పుడు ఊపిరి బిగబట్టి, తొడిగాక ముందు గట్టిగా వదిలి ఆ తర్వాతే పీల్చాలి. గుడ్డే దోషి అయిన సందర్భమూ ఉంది. 1917లో అమెరికా పంపిన సుమారు 20 వేల మాస్కుల గుడ్డలోంచి క్లోరోపిక్రిన్ అనే విషవాయువు దూరిపోవడంతో వాటిని యుద్ధరంగంలో వాడనే లేదు.

డబ్బాలో బొగ్గుతోపాటు పర్మాంగనేట్ కలిపిన సోడా-సున్నం గుళికలు ఉండేవి. బరువైన ఆవిర్లను బొగ్గు, ఆమ్ల వాయువులను గుళికలు పట్టేవి. బొగ్గుకు అమెరికన్లు కొబ్బరి చిప్పలు, పీచ్ పండ్ల టెంకలు కాల్చారు. గుళికలు కుదురుకుని ఖాళీ ఏర్పడితే గాలి ఆ సందునే పట్టుకుని పోతుంది. అందుకే పైజల్లెడను స్ప్రింగ్‌తో నొక్కి ఉంచారు. ఊపితే గలగలమనే డబ్బా, తడిసిన డబ్బా పక్కన పెట్టేయాల్సినవే.

తుమ్ములు ఆగవు

1917 జులై నుంచి జర్మన్లు వాడిన ‘బ్లూ క్రాస్’ షెల్లుల్లో ఉన్నది తుమ్ములు తెప్పించే ఆర్సెనిక్ పదార్థం. పేలినప్పుడు అది సన్నటి ధూళిగా విడిపోతుంది. బొగ్గు ఆవిరిని పడుతుందేగాని అంత సన్నటి రేణువులను ఆపలేదు. డబ్బాకు పీచు పొర కలిపాక ఇది అదుపులోకి వచ్చింది. పొర మందమైతే పీల్చడం కష్టం, పల్చనైతే ధూళి ఆగదు.

వాసన లేదు, తలనొప్పి, మగత

సొరంగంలోనో పేలుడు జరిగిన బంకరులోనో ఇలా అయితే కార్బన్ మోనాక్సైడ్‌ను అనుమానించాలి. ఆనాడు సైనికులకు ఇచ్చిన మామూలు డబ్బాలు దాన్ని ఆపలేవు. వెంటనే బయటపడాలి, లేదా సొరంగ దళాలు వాడిన ‘ప్రోటో’ వంటి ఆక్సిజన్ సెట్ ఉండాలి.

ఇప్పుడు పాత మాస్కు చేతికొస్తే

తొడగవద్దు, డబ్బా విప్పవద్దు, దానిలోంచి పీల్చి చూడవద్దు. రెండో ప్రపంచయుద్ధ కాలపు బ్రిటిష్ ఫిల్టర్లు చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంది, ఏ డబ్బాలో ఉందో కంటికి చూసి చెప్పలేం. డబ్బాను మందపాటి ప్లాస్టిక్ సంచీలో మూసి చీటీ అంటించండి. జర్మన్ 1917 మోడల్ ముసుగు రబ్బరు కొరత వల్ల నూనె పట్టించిన తోలుతో చేసింది కాబట్టి ఎండకూ వేడికీ దూరంగా ఉంచాలి. సెల్యులాయిడ్ కళ్లద్దాలు పసుపెక్కి జిగటగా మారితే మిగతా వస్తువుల నుంచి వేరుచేసి, గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా పెట్టండి.