ఉగ్రస్తంభం ఎక్కేటప్పుడు సైలెంట్‌గా నడవకండి

అహోబిలంలో ఉగ్రస్తంభం అనే కొండశిఖరం ఎక్కేవాళ్లకి చిరుతపులి అంటేనే టెన్షన్. నల్లమలలో నేనైతే ఎలుగుబంటితోనే ఎక్కువ జాగ్రత్త అంటాను. దానికి చూపు అంతంతమాత్రం. పుట్ట తవ్వి, మూతి లోపలికి దూర్చి బుసబుసా చెదల్ని పీల్చేటప్పుడు మన అలికిడి కూడా పట్టదు. తీరా దగ్గరికెళ్లాక ఉలిక్కిపడి మీద పడుతుంది. అందుకే మలుపుల దగ్గర, పొదలు దట్టంగా ఉన్నచోట గట్టిగా మాట్లాడుకుంటూ, చప్పట్లు కొడుతూ నడవండి (గోవింద నామం ఎలాగూ ఉంది!). ఇయర్‌ఫోన్లు బ్యాగులో పెట్టేయండి. ఎదురైతే పరుగెత్తొద్దు, వీపు తిప్పకుండా మెల్లగా వెనక్కి జరగండి. చెట్టెక్కుదామనుకోవద్దు, అది మనకంటే బాగా ఎక్కుతుంది. బాగా తెల్లారాకే బయల్దేరి, పొద్దుగూకకముందే కిందికి దిగిపోండి.